గ్లాసు అందుకునే ముందు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఏటా హోలీ వస్తోందంటే మనకు కొన్ని పనులు ఉంటాయి. పిల్లలకు పాతబట్టలు తీసి పక్కన పెడతాం. ఒంటికి రాయటానికి కొబ్బరినూనె సీసా దగ్గర ఉంచుకుంటాం. కళ్ళల్లో రంగు పడకుండా చూసుకోండర్రా అని పదిసార్లు చెబుతాం. రంగుల సంగతి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈవేళ నేను చెప్పదలచుకున్నది రంగు గురించి కాదు, గ్లాసు గురించి. పండగనాడు ఎవరో ఆప్యాయంగా చేతికి అందించే ఠండాయి గ్లాసు గురించి, అందులో కలిపే భంగు గురించి.

"మా ఇంటా వంటా లేదమ్మా, మాకెందుకీ గొడవ?" అని రేడియో కట్టెయ్యకండి. ఒకప్పుడు నేనూ అలా అనుకున్నదాన్నే.

పెళ్ళయిన కొత్తలో మా కాపురం బేగంబజారులో. మావారు అక్కడ ఒక హోల్‌సేల్ స్టీలు సామాన్ల దుకాణంలో లెక్కలు రాసేవారు. బేగంబజారు తెలియని ఇల్లాలు హైదరాబాదులో ఉండదు కదా! ఆడపిల్లకు సారె సామాను కొనాలన్నా, ఏడాదికి సరిపడా పసుపు, మిరపకాయలు తెచ్చుకోవాలన్నా, పండక్కి జీడిపప్పు, బాదంపప్పు చవగ్గా కావాలన్నా అక్కడికే పరుగు. రెండవ నిజాం అలీఖాన్ బేగం హమ్‌దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలసిన బజారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. తరతరాలుగా మార్వాడీలు, గుజరాతీలు, మన తెలుగువాళ్ళు కలిసి వ్యాపారం చేసుకుంటున్న చోటు. మేమున్న ఇంట్లో కింద గోదాము, మధ్య అంతస్తులో రెండు గదుల వాటా మాది, పైన ఇంటివాళ్ళు. వాళ్ళు మార్వాడీలు. ఆ ఇంటావిణ్ణి అందరం భాభీజీ అనేవాళ్ళం. నాకు వంకాయ కూరలో నూనె తగ్గించటం దగ్గర్నుంచి బేరమాడటం దాకా నేర్పిన మనిషి.

హోలీనాడు ఆ వీధుల సందడి చూడవలసిందే. ముందురోజు రాత్రి కామదహనం. తెల్లవారేసరికి దుకాణాలన్నీ బంద్. సేఠ్, గుమాస్తా తేడా లేకుండా అందరూ రంగుల్లోనే. మా డాబామీద పెద్ద గంగాళాల్లో ఠండాయి కలిపేవారు. బాదంపప్పు, గసగసాలు, కర్బూజా గింజలు, సోపు, మిరియాలు, ఏలకులు, గులాబీ రేకులు నానబెట్టి మెత్తగా రుబ్బి, చల్లటి పాలల్లో పంచదార వేసి కలిపితే అదే ఠండాయి. ఎండలు ముదిరే వేళ ఒంటికి చలవ. వట్టి ఠండాయిలో మత్తు అన్నది లేదు. కానీ హోలీనాడు ఒక గంగాళం వేరే పెట్టేవారు. దానిలో భంగు, అంటే గంజాయి మొక్క ఆకు నూరిన ముద్ద, కలిపేవారు. అది కాస్త ఆకుపచ్చ చాయ తిరిగి ఉండేది.

మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. అరవై దాటిన మనిషి. శివపూజ కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. రక్తపోటుకూ గుండెకూ కలిపి రోజుకు మూడు రకాల మాత్రలు. భాభీజీ ఏమీ దాచలేదు. "మాజీ, ఇది భంగు ఠండాయి, అది సాదా. మీకు ఏది ఇవ్వమంటారు?" అని అడిగింది. మా అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు. "శివుడికి ఇష్టమైందంటారు కదమ్మా! ఆయన ప్రసాదం కొంచెం పుచ్చుకుంటే తప్పేముంది?" అని భంగు గ్లాసే అందుకుని, కళ్ళకద్దుకుని తాగారు. అరగంట గడిచింది. ఏమీ కాలేదు. "ఏముందే ఇందులో? వట్టి పాలేగా!" అని నవ్వి, ఇంకో అరగ్లాసు పుచ్చుకున్నారు.

నేను పక్కనే ఉన్నాను. రోజూ ఆ మాత్రలు తీసి ఇచ్చేదాన్ని నేనే. "అత్తయ్యా, మీరు గుండెకు మందులు వాడుతున్నారు. డాక్టరుగారిని అడక్కుండా వద్దండీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. కొత్తకోడల్ని. నలుగురిలో అత్తగారికి అడ్డు చెప్పటమా అని మింగేశాను.

నాకూ ఇచ్చారు. నేను తాగలేదు. అది నా తెలివి అనుకునేరు! అప్పుడు నాకు నాలుగో నెల. పాల వాసనకే కడుపులో తిప్పేది. నన్నూ, నా కడుపులో బిడ్డనూ కాపాడింది వేవిళ్ళు తప్ప నా వివేకం కాదు.

భోజనాలయ్యాక అత్తగారు పడుకున్నారు. కాసేపటికి "ఒసేయ్, గుండె ఎవరో లోపలినుంచి తన్నుతున్నట్టుందే" అని పిలిచారు. నోరెండిపోతోందన్నారు. గోడలు దగ్గరికి వస్తున్నాయన్నారు. చచ్చిపోతున్నానని ఏడవటం మొదలుపెట్టారు. నేను నీళ్ళు తేవటానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ మంచం దిగి గభాల్న నిలబడ్డారు. కళ్ళు తిరిగి గడపమీద పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. ఏం తాగారు? ఎంత తాగారు? ఎప్పుడు తాగారు? రోజూ ఏ మందులు వాడుతున్నారు? భంగు అని చెప్పగలిగాను గానీ అందులో ఏమేం కలిసిందో తెలియదు. గ్లాసులు లెక్కపెట్టానుగానీ గ్లాసులో ఆకు ఎంత ఉందో తెలియదు. మాత్రల పేర్లయినా నోటికి రాలేదు. తెల్లవి రెండు, పచ్చది ఒకటి అన్నాను! ఆయన నన్నేమీ అనలేదు. అననందుకే ఇంకా సిగ్గేసింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. మనిషి దక్కింది. చేతికి ఆరువారాలు కట్టు.

ఆ ఆరువారాలూ ఆవిడకు అన్నం కలిపి పెడుతూ నేను తెలుసుకున్నది ఒక్కటే. ఆసుపత్రిలో తరవాత అడిగే ప్రశ్నలు మనం గ్లాసు అందుకునే ముందు అడగాలి. "ఇది మంచిదా, చెడ్డదా?" అని కాదు. "ఇది నాకు, ఈ ఒంటితో, ఈ రోజున, ఈ మనుషుల మధ్య పనికొస్తుందా?" అని.

ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఏముంది అందులో? భంగులో మత్తు కలిగించేది టీహెచ్‌సీ అనే పదార్థం. అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పెద్దవాళ్ళు పాలు, బాదంపప్పు, నెయ్యి కలిపి చేశారు. ఇక్కడే ఒక చిక్కుంది. పొగ తాగితే మత్తు నిమిషాల్లో ఎక్కుతుంది. తాగినా తిన్నా అలా కాదు. కడుపులోకి వెళ్ళి, లివరు మీదుగా రక్తంలో కలవాలి. అరగంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. పైగా లివరులో అది ఇంకా బలమైన రూపానికి మారుతుంది. ఎక్కిన మత్తు ఆరు గంటలో, ఎనిమిది గంటలో, ఒక్కొక్కరికి అంతకన్నా ఎక్కువసేపో ఉంటుంది. మా అత్తగారు "ఏమీ కాలేదు" అన్నప్పుడు అసలు మొదటి గ్లాసు ఇంకా పని మొదలుపెట్టనేలేదు. రెండోది దానిమీద వెళ్ళి కూర్చుంది. భంగుతో ఆసుపత్రిపాలయ్యేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

రెండోది, ఎంత ఉంది? దీనికి జవాబు ఇచ్చేవాడికీ తెలియదు. ఇంట్లో నూరిన ముద్దకు కొలత లేదు. మొక్క మొక్కకూ బలం తేడా. గంగాళంలో పైన తేరినదానికీ అడుగున దిగినదానికీ తేడా. పోయినేడు ఒక గ్లాసు తాగితే ఏమీ కాలేదు కదా అన్నది ఈ ఏడాదికి పూచీ కాదు. ఇంకొకటి, ఆకు అని చెప్పి గంజాయి పువ్వే కలిపితే బలం ఎన్నో రెట్లు. మత్తు బాగా రావాలని ఉమ్మెత్త గింజలు కలపటమూ పాతకాలంనుంచీ ఉంది. భంగు, గంజాయి వాడకంమీద ఆంగ్లేయుల ప్రభుత్వం వేసిన కమిషను వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవాళ్ళలో ఎక్కువమందికి పెద్ద హాని కనబడలేదనీ, మితిమీరితే హానేననీ చెప్పిన ఆ నివేదికలోనే ఉమ్మెత్త కలిపే సంగతీ ఉంది. ఉమ్మెత్త మత్తు కాదు, విషం. ఒళ్ళు కాలిపోవటం, కంటిపాపలు పెద్దవైపోవటం, మనుషుల్ని గుర్తుపట్టక లేనిపోనివి మాట్లాడటం దాని లక్షణాలు. ప్రాణం పోవచ్చు. అది కూడా శివుడి పూజకు పనికొచ్చేదే. పూజకు పనికొచ్చేదంతా కడుపుకు పనికొస్తుందా, మీరే చెప్పండి.

"మూలిక కదా, ఆయుర్వేదంలో ఉంది కదా" అంటారు కొందరు. ఉంది, నిజమే. భంగును విజయ అన్న పేరుతో మందుల్లో వాడతారు. కానీ మన దేశపు మందుల నిబంధనల్లో ఇ(1) అని ఒక షెడ్యూలు ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల్లో వాడే విషపదార్థాల పట్టిక అది. అందులో భంగు ఉంది, ఉమ్మెత్త ఉంది, గురివింద ఉంది, గన్నేరు ఉంది, ముసిడి గింజ ఉంది. వీటితో చేసిన మందు సీసామీద వైద్యుని పర్యవేక్షణలోనే పుచ్చుకోవాలని హెచ్చరిక ముద్రించాలి. చూశారా! ఆయుర్వేదం "ఇది మంచిది, తాగెయ్యి" అనలేదు. "శుద్ధి చెయ్యి, కొలిచి ఇయ్యి, మనిషిని చూసి ఇయ్యి" అంది. మనం మొదటి సగమే పట్టుకుని రెండో సగం వదిలేశాం.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పుచ్చుకునేది ఎవరు? కొందరు "ఎంత?" అని అడగనే అక్కర్లేదు, అసలు వద్దు.

గర్భిణీలు వద్దు. టీహెచ్‌సీ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. పాలిచ్చే తల్లులు వద్దు. పాలల్లోకి వస్తుంది, కొన్ని రోజులపాటు ఉంటుంది. ఒక పూట పాలు పిండి పారబోస్తే పోయేది కాదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు వద్దు. గుండె వేగం పెంచుతుంది. పడుకున్నవాళ్ళు లేచి నిలబడితే రక్తపోటు ఒక్కసారి పడిపోతుంది. మా అత్తగారి చెయ్యి అలాగే విరిగింది.

తనకుగానీ, తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికిగానీ మతిభ్రమించే జబ్బులు వచ్చిన ఇంటివాళ్ళు వద్దు. నిద్రాణంగా ఉన్నదాన్ని ఈ మత్తు తట్టి లేపవచ్చు. మన ఇళ్ళల్లో ఈ సంగతి దాస్తాం. పెళ్ళిళ్ళు ఆగిపోతాయని దాస్తాం. దాచుకోండి, లోకానికి చెప్పొద్దు. కానీ మీ పిల్లలకైనా చెప్పండి. "మీ మేనమామకు అలా వచ్చింది నాన్నా, నువ్వు ఇలాంటివి ముట్టుకోకు" అని ఒక్కమాట చెప్పి ఉంచటం తల్లి చెయ్యగలిగిన పెద్ద సాయం.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వంటి మాత్రలు, నిద్రమాత్రలు, మూర్ఛకు మందులు, మనసు బాగుండటానికి మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా వద్దు. మద్యం మీద అసలే వద్దు. ఇక పిల్లలు. పిల్లల విషయంలో "కొంచెం" అన్న మాటే లేదు. పెద్దవాళ్ళకు కునుకు తెచ్చేది పసివాళ్ళకు ఊపిరి మందగించేదాకా తీసుకుపోతుంది. తీపి పాలు కదా, ఎవరూ చూడకుండా గుటుక్కున తాగేస్తారు. 2025 హోలీకి మన ధూల్‌పేటలోనే గంజాయి కలిపిన కుల్ఫీలు, బర్ఫీలు ఎక్సైజు వాళ్ళు పట్టుకున్నారు. ధూల్‌పేట బేగంబజారుకు ఎంత దూరమో మీకు తెలుసు. కుల్ఫీ అంటే చెయ్యి చాపని పిల్లాడెవడు?

చట్టం సంగతీ తెలుసుకుందాం. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం గంజాయినీ చరస్‌నూ నిషేధించింది. పువ్వుల కొనలు కలవని వట్టి ఆకునూ గింజల్నీ ఆ నిర్వచనంలో చేర్చలేదు. భంగును రాష్ట్రాలు తమ ఎక్సైజు చట్టాల కింద అదుపు చేస్తాయి. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు దుకాణాలు ఉన్నాయి. మనకు 1968 నాటి ఎక్సైజు చట్టంలో మత్తుపదార్థాల కింద భంగు కూడా వస్తుంది. కాబట్టి "కాశీలో బహిరంగంగా అమ్ముతున్నారు" అన్న మాట బేగంబజారులో చెల్లదు. దొంగతనంగా కొన్నదాంట్లో ఏముందో ఎవరు పరీక్షించారు? ఎవర్ని అడుగుతాం?

నాలుగో ప్రశ్న, పక్కన ఎవరుంటారు? ఆ ఆరేడు గంటలూ తాను తాగకుండా మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, మీరు నమ్మిన మనిషి ఉన్నారా? ఇంటికి ఎలా వెళ్ళాలి? ఇంట్లో పసిపిల్లలుంటే, పొయ్యిమీద నూనె మూకుడు ఉంటే, సంగతేమిటి? మగవాళ్ళు తాగి పడుకుంటే వాళ్ళకు మజ్జిగ ఇవ్వటానికి మనం ఉన్నాం. మనం తాగి పడుకుంటే? నవ్వులాటకు అనటం లేదు. స్పృహ సరిగా లేని ఆడమనిషికి వేరే ప్రమాదాలు కూడా ఉన్నాయని మీకు నేను విప్పి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ హోలీ గురించే చెప్పాను. కానీ ఈ గ్లాసు ఇప్పుడు ఇంకో వేషంలో కూడా మన ఇళ్ళ తలుపు తడుతోంది.

మా అక్క కూతురు అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు ఫోను చేసి, "పిన్నీ, స్నేహితులతో కలిసి పెరూ దేశం వెళ్దామనుకుంటున్నా. అక్కడ అడవిలో ఒక పూజలాంటిది చేస్తారు. మొక్కల కషాయం ఇస్తారు. మనసులో బరువంతా దిగిపోతుందట. అమ్మకు చెప్పకేం?" అంది. అక్కకు చెప్పొద్దన్న ప్రతి మాటా నాకే ఎందుకు చెబుతారో ఈ పిల్లలు!

ఆ కషాయం పేరు ఆయహువాస్కా. అమెజాన్ అడవుల్లో ఉండే జాతులు తరతరాలుగా, పాటలతో, పెద్దల సమక్షంలో పుచ్చుకుంటారు. వాళ్ళకది పవిత్రం. ఆ సంప్రదాయ జ్ఞానాన్ని పెరూ ప్రభుత్వం 2008లో తమ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. కాబట్టి వాళ్ళని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ నేను తెలుసుకున్నది ఇది. ఆ కషాయంలో సాధారణంగా రెండు మొక్కలుంటాయి, ఒక తీగ, ఒక ఆకు. ఆకులోని మత్తును మన శరీరం మామూలుగా విరిచేస్తుంది. అలా విరిచే శక్తిని ఆ తీగ ఆపేస్తుంది. అందుకే కషాయం ఎక్కుతుంది. అయితే దిగులు జబ్బుకు ఈ రోజుల్లో ఎక్కువగా ఇచ్చే మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు దాన్ని తాగితే, మెదడులో సెరొటొనిన్ అనే పదార్థం మితిమీరిపోవచ్చు. జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకుపోవటం, ప్రాణంమీదికి రావటం.

"నువ్వేమైనా మాత్రలు వాడుతున్నావుటే?" అని అడిగాను. అవతలినుంచి చాలాసేపు మాట లేదు. తరవాత మెల్లగా, "ఏడాదినుంచి వాడుతున్నా పిన్నీ. అమ్మకు తెలియదు" అంది.

నేను పోట్లాడలేదు. "వెళ్ళకు" అని కూడా అనలేదు. అంటే ఇక నాకూ చెప్పదు. "వాళ్ళు నిన్ను ఏం మందులు వాడుతున్నావని అడిగారా?" అన్నాను. అడగలేదంది. "మీ దేశంలోనే ఆరిగన్ రాష్ట్రంలో 2023నుంచి అనుమతితో పుట్టగొడుగుల మందు ఇచ్చే కేంద్రాలున్నాయి కదా, అక్కడ ముందుగానే కూర్చోబెట్టి ఒంటి సంగతీ మనసు సంగతీ అడుగుతారు. లిథియం మాత్రలు వేసుకుని నెల కాకపోతే ఇవ్వరు. మతిభ్రమ ఉన్నవాళ్ళకు ఇవ్వరు. అడిగి పంపించేసేవాళ్ళే అంత జాగ్రత్తపడుతుంటే, అడగకుండా డబ్బు పుచ్చుకునేవాళ్ళని నువ్వెలా నమ్ముతావు?" అన్నాను. ఇంకోమాట కూడా చెప్పాను. "ఆ పూజకోసం నీ మాత్రలు నీ అంతట నువ్వు మానెయ్యకు. అది అన్నిటికన్నా ప్రమాదం. నీ డాక్టరుని అడుగు." అడిగింది. ఆవిడ వద్దంది. ఇది వెళ్ళలేదు. మాత్రల సంగతి వాళ్ళమ్మకు చెప్పటానికి మాత్రం ఇంకో నాలుగు నెలలు పట్టింది.

అమెజాన్ దాకా పోనక్కర్లేదు. కొడైకెనాల్ వెళ్ళిన కాలేజీ పిల్లలు అక్కడి మత్తు పుట్టగొడుగుల గురించి గుసగుసలాడుకుంటారు. వాటిలోని పదార్థం మన చట్టం కింద నిషేధం. పైగా ఒక పుట్టగొడుగు అనుకుని ఇంకొకటి తింటే లివరు పాడైపోయే జాతులు ఉన్నాయి. మొక్క పేరు మారినా, భాష మారినా, ప్రశ్నలు మాత్రం అవే నాలుగు. ఏముంది? ఎంత ఉంది? పుచ్చుకునేది ఎవరు? పక్కన ఎవరుంటారు? ఏ ఒక్కదానికీ జవాబు రాకపోయినా, జవాబు "వద్దు" అనే.

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరు తాగనే తాగుతారు. అప్పుడేం చెయ్యాలో కూడా వినండి.

మనిషి స్పృహలో ఉండి, కేవలం భయపడుతూ ఉంటే, రద్దీలేని గదిలో పడుకోబెట్టి పక్కనే కూర్చోండి. "ఇది మత్తు, కొన్ని గంటల్లో దిగిపోతుంది, నేనున్నాను" అని మెల్లగా చెబుతూ ఉండండి. ఒంటరిగా లేవనివ్వకండి. గుటకవేయగలిగితే కాస్త కాస్త నీళ్ళివ్వండి. మగతగా ఉన్నవాళ్ళ నోట్లో నిమ్మరసం, ఊరగాయ, నెయ్యి కుక్కకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బలవంతంగా వాంతి చేయించకండి. విరుగుడని నిద్రమాత్ర ఇవ్వకండి. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

పిల్లలు తాగితే ఎంతన్నది చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. గర్భిణి అయినా అంతే. గుండెలో నొప్పి, లేపితే లేవకపోవటం, మూర్ఛ, ఊపిరి మందగించటం, ఒళ్ళు కాలుతూ మనుషుల్ని గుర్తుపట్టకపోవటం, చచ్చిపోతానని కిటికీవైపు పోవటం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోను చెయ్యండి. ఆసుపత్రిలో నిజం చెప్పండి. పరువు పోతుందని "ఏదో తిన్నది పడలేదు డాక్టరుగారూ" అంటే వైద్యం దారి తప్పుతుంది. మాత్రల చీటీ వెంట తీసుకెళ్ళండి. నేను ఆ రోజునుంచీ ఇంట్లో అందరి మందుల పేర్లూ ఒక కాగితంమీద రాసి బీరువా తలుపుకు అంటించాను. "తెల్లవి రెండు, పచ్చది ఒకటి" అని మళ్ళీ చెప్పదలచుకోలేదు. రోజులు గడిచినా భయం, నిద్రపట్టకపోవటం, చెవుల్లో మాటలు వినపడటం పోకపోతే 14416 అనే టెలిమానస్ నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022నుంచి ఉన్న ప్రభుత్వ సేవ అది.

ఇక ఆఖరిమాట. అసలు కష్టం ఇదంతా తెలుసుకోవటంలో లేదు. "వద్దండీ" అనటంలో ఉంది. ప్రేమతో ఇస్తున్నారాయె. పండగాయె. దేవుడి పేరాయె. కాదంటే ఏమనుకుంటారో!

మా అత్తగారి చెయ్యి విరిగిన మరుసటి ఏడు మళ్ళీ హోలీ వచ్చింది. అప్పటికి నా ఒళ్ళో అయిదారునెలల పాప. నేను వెళ్ళనన్నాను. అత్తగారే "పదవే, ఇరుగుపొరుగు పండగ మానుకుంటామా?" అని నన్ను పైకి తీసుకెళ్ళారు. వెళ్ళేసరికి డాబామీద సాదా గంగాళం ఒక్కటే ఉంది. రెండోది గది లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది భాభీజీ. కావాలన్నవాళ్ళని "ఏం మందులు వాడుతున్నారు? ఇంటికి ఎవరితో పోతారు?" అని అడిగి, సగానికి సగంమందిని తిప్పి పంపేసింది. మా ఇంటి ఆసుపత్రి గొడవలో మాకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి ఆవిడే.

ఎవరో చుట్టపు కుర్రాడు తెలియక లోపలినుంచి ఒక ఆకుపచ్చ గ్లాసు తెచ్చి మా అత్తగారి ముందు పట్టాడు. "మాజీ, శివ్‌జీ కా ప్రసాద్!" అని. నాకు మళ్ళీ గొంతులో మాట అడ్డుపడింది. ఈసారి మింగలేదు. "అత్తయ్యా, మీ మాత్రలు..." అన్నాను. అందరూ నావైపు చూశారు.

అత్తగారు గ్లాసు అందుకున్నారు. భక్తిగా కళ్ళకద్దుకున్నారు. మళ్ళీ ఆ కుర్రాడి చేతిలోనే పెట్టేశారు. "ప్రసాదాన్ని కళ్ళకద్దుకున్నా పుచ్చుకున్నట్టే బాబూ. ఆ పైన అడక్కుండా గొంతులో పోసుకోమని శివుడు చెప్పలేదు" అన్నారు. తరవాత నావైపు తిరిగి, చిన్నగా, "పోయినేడు ఈ మాట అనవలసిందే నువ్వు" అన్నారు.

అక్కలూ, చెల్లెళ్ళూ, కోడళ్ళూ! ఆ మాటకోసమే ఇంతసేపూ మాట్లాడాను. అత్తగారు ఏమనుకుంటారో అని ఆగకండి. అడగండి. రేపు హోలీనాడు ఇంట్లో సాదా ఠండాయి చేసి నలుగురికీ పొయ్యండి. ఎవరైనా గ్లాసు అందిస్తే, ముందు ప్రశ్న, తరవాతే గుటక.